ప్రభావం: స్వల్పం

బిల్లు నిన్న సాయంత్రం నా బల్ల మీదికొచ్చింది.
రెండు పేజీలు. మూడోది ఖాళీ, అది నాది.
భద్రతాధికారి మీద చెయ్యి చేసుకున్నవాడికి
ఏడాది శిక్ష ఇకమీద అయిదేళ్లు.
దానికి ఖజానాలోంచి ఎంత పోతుందో
బుధవారం మధ్యాహ్నంలోగా చెప్పాలి.

ఇరవై రెండేళ్లుగా ఇదే నా పని,
చార్లెస్టన్‌లో, బంగారు గుమ్మటం కింద,
కిటికీ లేని గదిలో
కోపానికి ఖరీదు కట్టడం.

ముందు జైళ్ల శాఖకి ఫోన్ చేశాను.
ఎత్తింది ఐమోజీన్. ఎప్పుడూ జలుబు చేసిన గొంతు.
"మనిషికి రోజుకెంత?"
"కొత్త మంచం వేసా, ఉన్నవాటి మధ్య ఇరికించా?"
అక్కడే ఉంది తిరకాసు.
గోడ కడితే ఒక లెక్క,
ఉన్న గోడల మధ్య ఇంకొకణ్ణి తోస్తే ఇంకో లెక్క.
తోస్తే చవక: తిండి, చొక్కా, సబ్బు, పంటినొప్పి మాత్ర.
"ఇరికించే రాసుకో వెర్నా, అందరూ అదే రాస్తారు."

మూడేళ్లలో ఇలాంటి కేసులు పదకొండు.
అదనపు నాలుగేళ్లతో హెచ్చవేశాను,
సత్ప్రవర్తనకి కొంత తీసేశాను.
మిగిలింది ఖజానా పక్కన పెడితే
సముద్రంలో కాకిరెట్ట.

రాత్రి కమిటీలో ఓర్వల్ స్కిడ్‌మోర్ వంతు వచ్చింది.
ఆసుపత్రి అత్యవసర విభాగం తలుపు దగ్గర కాపలా.
దవడకి తీగలు కట్టారు గనక
అతను రాసుకొచ్చింది వాళ్లావిడ చదివింది.
పక్కన నిలబడి ఒక్కో వాక్యానికీ తలూపాడు,
ఆ కథ అప్పుడే వింటున్నట్టు.
కొట్టినవాడు జారడ్ బాగెస్, పందొమ్మిదేళ్లు,
మత్తు దిగుతున్న ఒళ్లు, చెప్పుల్లేని కాళ్లు, జనవరి.
"ఆ పిల్లాడు నన్ను కొట్టలేదు.
తలుపుని కొట్టాడు. తలుపు దగ్గర నేనున్నాను."
ఆ తర్వాతి వాక్యం చదవబోయి ఆగి,
మొగుడి వంక చూసి, చదివింది:
"నవంబరు దాకా అక్కడ మేం ఇద్దరం ఉండేవాళ్లం."
బిల్లు పెట్టిన హోబర్ట్ కట్‌లిప్
కృతజ్ఞతలు చెప్పి గడియారం చూశాడు.

ఇద్దరం.
ఆ మాట నా పెన్సిల్ని వదల్లేదు.
ఇంటికెళ్లి, ఎవరూ అడక్కపోయినా, చిత్తుకాయితం మీద వేశాను:
రెండో కాపలావాడి ఏడాది జీతం ఒక పక్క,
జారడ్ పడుకునే మంచం ఏడాది ఖర్చు ఒక పక్క,
ఇరికించే లెక్క కాదు, గోడలతో సహా.
మంచమే తూగింది.
రెండోసారి కూడాను, మూడోసారి కింది నుంచి పైకి.
తప్పలేదు.

ఫారంలో దానికి గడి లేదు.
గడులు మూడే: ఈ ఏడు, వచ్చే ఏడు, పూర్తిగా అమల్లోకొచ్చాక.
ఓర్వల్ దవడకి లేదు.
జైలు నుంచి వచ్చే ప్రతి ఫోనుకీ
నిమిషానికింతని కట్టే బాగెస్ తల్లికి లేదు.
జీతం ఆసుపత్రి పద్దు, మంచం సర్కారు పద్దు.
ఒక జేబు మిగుల్చుకుంది, ఇంకో జేబు చెల్లిస్తుంది.
రెండు జేబులూ ఒకే కోటువని
రాసే అధికారం నాకు లేదు.

పొద్దున్నే నిర్వచనాలు మళ్లీ చదివాను.
భద్రతాధికారి అనగా
ప్రభుత్వ సంస్థ నేరుగా జీతమిచ్చే వ్యక్తి.
ఓర్వల్‌కి జీతమిచ్చేది ఒహాయోలో ఒక కంట్రాక్టు కంపెనీ.
ఎవరి దవడ చూపించి ఈ చట్టం అడుగుతున్నారో
ఆ దవడ ఇందులోకి రాదు.
ఇది ఖర్చు తగ్గించే సంగతి, కాబట్టి రాయొచ్చు.
పదకొండులో ఏడు కొట్టేశాను.
"ప్రభావం: స్వల్పం" అని టైపు చేసి
సంతకం పెట్టాను.

కమిటీ నాలుగు నిమిషాల్లో ఒప్పుకుంది.
నా పేజీ ఎవరూ తిప్పలేదు.
తిప్పాల్సిన అవసరం రాకుండా రాస్తానని నాకు మంచి పేరు.

సాయంత్రం తూర్పు ద్వారం దగ్గర
రోజూ తలుపు తీసే డెల్మర్
"వంతెన మీద మంచు గడ్డకట్టింది, మెల్లిగా పోనీ" అన్నాడు.
ఇన్నేళ్లలో మొదటిసారి
అతని చొక్కా మీది బిళ్ల చదివాను.
ఏదో కంపెనీ పేరు.
"ఏంటి, మరకా?" అని తుడుచుకున్నాడు.
ఏం లేదన్నాను.

కనావా నది దాటేముందు ఎర్రదీపం పడింది.
తాళాల కోసం ఇందాక పెట్టిన చెయ్యి
ఇంకా కోటు జేబులోనే ఉంది, చిత్తుకాయితం మీద.
తీసి, డాష్‌బోర్డు వెలుతురులో
నాలుగోసారి కూడాను.
వెనక కారు హారన్ కొట్టేదాకా.